పనిముట్లే బిరుదులు

కలం పట్టినవాడు చరిత్ర వ్రాస్తాడు. సుత్తి పట్టినవాడు ఆ చరిత్రకు వేదిక కడతాడు. లోకంలో మొదటివాని మాట నిలుస్తుంది, రెండవవాని పేరు మాసిపోతుంది. ప్రాచీన రోము విషయంలోనూ ఇదే జరిగినది. సీజరు దండయాత్రలు, సిసెరో ఉపన్యాసాలు, వర్జిలు మహాకావ్యం, టాసిటస్ రచించిన చరిత్ర, వీటి మూలంగానే ఆ మహానగరం విద్యావంతులకు పరిచితమైనది. అగస్టస్ చక్రవర్తి కాలానికి అక్కడ సుమారు పది లక్షల జనం ఉండేవారని చరిత్రకారుల అంచనా. ఇంతమందికి ప్రతిదినం రొట్టె కాల్చి పెట్టినది ఎవరు? చెప్పులు కుట్టినది ఎవరు? కత్తులు సాగగొట్టినది, పురుళ్ళు పోసినది, పడవలకు పలకలు చెక్కినది ఎవరు? ఈ ప్రశ్నలకు గ్రంథాలలో దొరికే సమాధానం స్వల్పం. దొరికినదైనా తరచు తిరస్కారంతో కూడినది. అంతకంటె నిండైన సమాధానం మరొక చోట ఉన్నది. నగరద్వారాల వెలుపల, రహదారుల ప్రక్కన, ఆ వృత్తికారులే తమ సొమ్ముతో కట్టించుకొన్న సమాధులలో ఉన్నది.

ఈ సమాధులను పండితలోకం చాలాకాలం చిన్నచూపు చూసినది. క్రొత్తగా డబ్బు చేసినవారి ఆడంబరమని, సౌష్ఠవం లేని మోటుపని అని తీర్పు చెప్పినది. ఇటీవలి దశాబ్దాలలో ఆ తీర్పు సడలుతున్నది. అది మొదటినుంచీ అన్యాయమైన తీర్పే. అయితే దానిని కొట్టివేసినంత మాత్రాన, ఈ రాళ్ళను చూచి శ్రమజీవుల విజయమని జయజయధ్వానాలు చేయడమూ తొందరపాటే అవుతుంది. ఈ రెండు మాటలనూ కలిపి విచారిస్తే గాని ఆ శిల్పాల నిజమైన విలువ తేలదు.

ఈ శిల్పాలు ఎవరికి ఎదురునిలిచి మాట్లాడుతున్నవో మొదట తెలియవలె. క్రీస్తుపూర్వం 44లో సిసెరో తన కుమారుని ఉద్దేశించి, మనిషి కర్తవ్యాలను గూర్చి ఒక గ్రంథం వ్రాసినాడు. ఏ వృత్తి పెద్దమనిషికి తగినది, ఏది తగనిది అనే విచారణ అందులో ఉన్నది. కూలివానికి ఇచ్చే కూలియే వాని దాస్యానికి సంచకారమట. సరకు కొని వెంటనే మారు బేరానికి అమ్మేవాడు అబద్ధమాడనిదే లాభం పొందలేడట. చేతిపనివారందరిదీ హీనవృత్తియేనట, పనిశాలలో స్వతంత్రునికి తగినదేదీ ఉండజాలదట. నాలుక రుచికి సేవ చేసే చేపలవాడు, కసాయివాడు, వంటవాడు అందరికంటె అధములట. వైద్యం, వాస్తువిద్య, బోధన మాత్రం ఆయా అంతస్తులవారికి తగినవేనని ఒక మినహాయింపు. చిల్లర వర్తకం హేయం. అదే వర్తకం భారీయెత్తున సాగితే అంతగా నిందింపదగినది కాదు. అన్నింటికంటె శ్రేష్ఠమైనది వ్యవసాయం. ఆ వ్యవసాయంలో నాగలి పట్టిన చేయి మాత్రం భూస్వామిది కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇది సిసెరో ఒక్కని దురభిమానమని త్రోసివేయడానికి వీలులేదు. భూవసతిమీద బ్రతికిన కులీనవర్గమంతా నమ్మిన నీతినే అతడు చక్కని వాక్యాలలో కూర్చినాడు. రోమను సాహిత్యమంటే అధికభాగం ఆ వర్గం సాహిత్యమే. కనుక రొట్టెలవాడు, కమ్మరి, మంత్రసాని తమను గూర్చి తాము ఏమనుకొన్నారో తెలుసుకోవడానికి గ్రంథాలయాన్ని విడిచి శ్మశానానికి పోవలసి వస్తున్నది.

అక్కడ ఒక సదుపాయం ఉన్నది. పన్నెండు ఫలకాలని ప్రసిద్ధమైన రోమనుల ప్రాచీన ధర్మశాసనం నగరం లోపల శవాన్ని పూడ్చడాన్నీ దహించడాన్నీ నిషేధించినది. అందువల్ల సమాధులన్నీ నగరం వెలుపల రహదారుల వెంట బారులు తీరినవి. రోమను సమాధి నిర్జన ప్రదేశం కాదు. అది అంగడివీథి వంటిది. బండివాడు, సైనికుడు, న్యాయవాది, కూరలు మోసుకొని సంతకు వచ్చే పల్లెటూరివాడు, అందరూ దాని ముందునుంచే పోవలె. ఒక్క క్షణం ఆగి చదువుమని బాటసారిని సంబోధించే శిలాలేఖలు ఎన్నో ఉన్నవి. బ్రతికినన్నాళ్ళు సభలో నోరెత్తే అర్హత లేనివాడు, చనిపోయిన పిమ్మట రహదారి మీద నిలబడి ఎంతసేపైనా మాట్లాడవచ్చును.

అట్లా మాట్లాడినవారిలో అందరికంటె పెద్ద గొంతు మార్కస్ వెర్గీలియస్ యూరిసాకెస్ అనే రొట్టెలవానిది. లాబికానా, ప్రెనెస్తీనా అనే రెండు బాటలు చీలే చోట, నేడు పోర్తా మజోరె అని పిలిచే మహాద్వారం చెంత, సుమారు పది మీటర్ల యెత్తున అతని సమాధి నేటికీ నిలిచి ఉన్నది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం ఉత్తరార్ధానికి చెందినది. అనగా సిసెరో గ్రంథానికి ఇంచుమించు సమకాలికం. పూలతీగలు, దేవతావిగ్రహాలు ఉండవలసిన గోడలపై ఇక్కడ నిలువుగా కూర్చిన రాతి గొట్టాలు, వాటికి పైన వరుసలు దీరిన గుండ్రని పెద్ద రంధ్రాలు కనిపిస్తవి. ఇట్టి కట్టడం రోములో మరొకటి లేదు. ఆ గుండ్రని ఆకారాలు ధాన్యం కొలిచే పాత్రలకు ప్రతిరూపాలని కొందరు, పిండి పిసికే యంత్రపు తొట్లకు ప్రతిరూపాలని మరికొందరు వాదించినారు. ఏది నిజమైనా ఒకటి నిశ్చయం. ఇతరులు దేవాలయాలనుంచి అలంకారాలు తెచ్చుకొంటే, యూరిసాకెస్ తన బట్టీలోనుంచి తెచ్చుకొన్నాడు.

సమాధి పై అంచున సాగిన శిల్పపంక్తి ఒక పనిశాల దినచర్య. ఒక చోట ధాన్యం దిగుతున్నది, లెక్కలు వ్రాసికొంటున్నారు. గాడిదలు తిరగళ్ళను త్రిప్పుతున్నవి. పిండి జల్లెడ పడుతున్నది. పశువు చుట్టూ తిరుగుతుండగా తొట్టిలో పిండి కలుస్తున్నది. పొడుగాటి బల్లల దగ్గర మనుషులు వరుసగా నిలిచి రొట్టెలు చేస్తున్నారు. ఒకడు పొడవైన పారతో వాటిని పొయ్యిలోకి త్రోస్తున్నాడు. కాలిన రొట్టెలు గంపలకెక్కి పెద్ద త్రాసులో తూగుతున్నవి. టోగాలు ధరించిన పెద్దమనుషులు దగ్గర నిలిచి చూస్తున్నారు. ఎక్కడా హెర్క్యులీసు లేడు, ఏ పురాణగాథా లేదు. గింజ రొట్టెగా మారడమే ఇక్కడి ఇతివృత్తం. కూటికోసం కోటి విద్యలని తెలుగు సామెత. ఆ కోటిలో ఒక్క విద్యను ఆద్యంతం రాతికెక్కించిన తొలి శిల్పులలో ఈ అజ్ఞాతశిల్పిని లెక్కించవలె.

శిలాలేఖ కూడా అంతే సూటిగా ఉన్నది. రొట్టెలు కాల్చేవాడు, గుత్తదారు అయిన యూరిసాకెస్ సమాధి ఇది అని చెప్పి, చివర 'అప్పారెత్' అనే చిన్న మాట చేర్చినది. 'చూస్తూనే తెలుస్తున్నది గదా' అని దానికి అర్థం చెప్పవచ్చును. ప్రభుత్వాధికారి క్రింద ఒక ఉద్యోగమని కూడా చెప్పవచ్చును. పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. మొదటి అర్థమే సరియైనదైతే, గోడలన్నీ కలిసి చెప్పినదానికి ఆ ఒక్క మాట చిరునవ్వుతో ముక్తాయింపు పలికినదనవలె. అతిస్తియా అనే స్త్రీని గూర్చిన మరొక లేఖ ఇక్కడిదే దొరికినది. ఆమె యూరిసాకెస్ భార్య అని సాధారణంగా భావిస్తారు. ఆమె ఉత్తమురాలని, ఆమె అస్థులు ఈ రొట్టెల బుట్టలో ఉన్నవని భర్త చెప్పించినాడు. నేటివారికి ఆ మాట వింతగా తోచవచ్చును. రొట్టెలమీద బ్రతికిన ఇంటికి ఆ బుట్టకంటె ఆత్మీయమైన అస్థిపాత్ర ఏమున్నది?

కాలం ఈ కట్టడంతో విచిత్రంగా ఆడుకొన్నది. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో క్లాడియస్ చక్రవర్తి నీటికాలువ దీని ప్రక్కనే సాగినది. 3వ శతాబ్దంలో ఆరీలియన్ ప్రాకారం లేచినది. 5వ శతాబ్దారంభంలో హొనోరియస్ కాలపు బురుజు దీనిని తన కడుపులో దాచుకొన్నది. 1838లో పోపు 16వ గ్రెగరీ ఆ కట్టుబడిని తీయించినప్పుడు రొట్టెలవాడు మరల వెలుగు చూచినాడు. అతనిని దాచినవీ, కాపాడినవీ చక్రవర్తుల గోడలే.

ఇంతటి కట్టడాన్ని చూచి పండితులు ఎందుకు పెదవి విరిచినారు? అందుకు మూలం చాలవరకు ఒక కల్పిత కథ. నీరో చక్రవర్తి ఆంతరంగికుడైన పెట్రోనియస్ రచనగా ప్రసిద్ధి పొందిన 'సాతిరికోన్' లో త్రిమాల్కియో అనే పాత్ర ఉన్నది. ఒకప్పుడు బానిస, స్వేచ్ఛ పొందిన పిమ్మట ఓడవర్తకంలో అపారధనం గడించినవాడు. విందు నడుమ అతడు హబిన్నాస్ అనే రాతిపనివానికి తన సమాధిని గూర్చి ఉత్తరువులిస్తాడు. తెరచాపలెత్తిన ఓడలు చెక్కాలట. బంగారు ఉంగరాలతో ఉన్నతాసనం మీద కూర్చుండి తాను నాణేలు వెదజల్లుతున్నట్లు చూపాలట. నడుమ ఒక గడియారం ఉండాలట. వేళ చూడవచ్చినవాడు ఇష్టమున్నా లేకున్నా తన పేరు చదువుతాడట! హాస్యం పండినదనడంలో సందేహం లేదు. అది ఎవరి విందుశాలలో పండినదో కూడా గమనించవలె. కులీనుల వినోదంకోసం ఒక కులీనుడు గీసిన వ్యంగ్యచిత్రాన్ని వేలకొలది నిజమైన మనుషుల సమాధులకు కొలబద్దగా పెట్టుకోవడం ఏ న్యాయం?

లారెన్ హాక్‌వర్త్ పీటర్సన్ అనే అమెరికా కళాచరిత్ర పండితురాలు 2006లో ప్రచురించిన గ్రంథంలో ఈ ధోరణిని గట్టిగా ప్రశ్నించినారు. యూరిసాకెస్ దాస్యంనుంచి విముక్తుడైనవాడని తెలిపే గుర్తేదీ అతని శిలాలేఖలో లేదు. అతని పేరు గ్రీకు పేరు కావడంవల్ల, అతని సమాధి నలుగురి సమాధులవలె లేకపోవడంవల్ల పండితులే అతనికి ఆ ముద్ర వేసినారు. ముద్ర వేసిన తరువాత, విముక్త బానిస గనుకనే ఇంత ఆడంబరమని సిద్ధాంతం చేసినారు. ఇది నిరూపించవలసినదానినే ఆధారంగా చూపే వాదం.

ఆడంబరమే నేరమైతే ఆ నేరం రొట్టెలవాడొక్కడే చేయలేదు. గాయస్ కెస్తియస్ అనే పదవీసంపన్నుడు అదే శతాబ్దపు చివరి దశాబ్దాలలో సుమారు 36 మీటర్ల యెత్తుగల పిరమిడ్డును తన సమాధిగా కట్టించుకొన్నాడు. అది 330 దినాలలో పూర్తి అయినదని, అతడు ఫలానా ఫలానా పదవులు నిర్వహించినాడని దానిమీద లేఖలున్నవి. కులీనుల సమాధులు సాధారణంగా పదవుల పట్టికలే. ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కినది అందులో క్రమంగా ఉంటుంది. పదవులను వరుసగా చెక్కిస్తే గాంభీర్యం, తిరగలిని త్రాసును వరుసగా చెక్కిస్తే లేకితనం అనడం పక్షపాతం. ఉద్యోగికి పదవి ఎట్టిదో పనివానికి పనిముట్టు అట్టిది. అతనికి అదే బిరుదు.

యూరిసాకెస్ సమాధి పెద్దది గనుక అందరి దృష్టీ దానిమీదనే పడుతుంది. చిన్న రాళ్ళు చెప్పే మాట ఇంకా హృదయానికి హత్తుకొంటుంది. రోములో ఫొంతినాలిస్ ద్వారం దగ్గర చెప్పులు కుట్టిన గాయస్ జూలియస్ హెలియస్ తన రూపాన్ని రాతిలో చెక్కించుకొన్నాడు. వయసు మళ్ళిన ఆ ముఖాన్ని శిల్పి ఏమాత్రం సవరించలేదు. ముఖానికి పైన రెండు చెప్పుల అచ్చులు; అందులో ఒకదానికి చెప్పు తొడిగి ఉన్నది. తనకు, తన కుమార్తెకు, తాను స్వేచ్ఛ ప్రసాదించిన వారికి ఈ సమాధి అని క్రింద వ్రాయించినాడు. కత్తులు చేసి అమ్మిన లూసియస్ కొర్నేలియస్ అతిమేతస్ సమాధి నేడు వాటికన్ ప్రదర్శనశాలలో ఉన్నది. దానికి ఒక ప్రక్క దాగలి ముందు ఇద్దరు పనివారు ఇనుము సాగగొడుతున్నారు. మరొక ప్రక్క అదే సరకు బారులుగా వ్రేలాడే అంగడి. ఒకే రాతికి అటు కొలిమి, ఇటు బేరం. పనిశాలలోనూ అంగడిలోనూ అగౌరవాన్నే చూచిన సిసెరోకు ఇంతకంటె సరియైన జవాబు మాటలలో చెప్పడం కష్టం.

విముక్త బానిసలే ఇట్లా చేసికొన్నారనుకోవడం కూడా పొరపాటు. రవెన్నా పట్టణంలోని పబ్లియస్ లొంగిదియేనస్ పుట్టుకతోనే స్వతంత్రుడు. వృత్తి ఓడలు కట్టడం. అతని సమాధిఫలకంలో సగం కట్టిన ఓడ ఒకటి ఉన్నది. దాని ప్రక్కన అతడు చేత బాడిస పట్టి కొయ్యను చెక్కుతున్నాడు. లొంగిదియేనస్ తన పని మీద త్వరపడుతున్నాడని శిల్పం లోపలనే ఒక చిన్న పలక చెబుతున్నది. శాశ్వతనిద్రకు కట్టిన రాతిమీద తీరికలేని మనిషిని చూపడం ఎంతో కొత్త భావన. అతనికి పని ఒక శిక్షగా తోచి ఉంటే ఆ రూపంలో నిలిచిపోవాలని కోరుకొనేవాడు కాడు.

టైబరు నది సముద్రంలో కలిసే ప్రాంతంలో, ఓస్తియా, పోర్తుస్ అనే రెండు రేవుపట్టణాల నడుమ ఇసోలా సాక్రా అనే శ్మశానవాటిక ఉన్నది. 1925 మొదలుకొని గుయిడో కాల్ట్సా అనే పురాతత్త్వవేత్త అక్కడ త్రవ్వకాలు జరిపించినాడు. క్రీస్తుశకం 140 ప్రాంతాన స్క్రిబోనియా అత్తికే అనే స్త్రీ తనకు, తన తల్లికి, భర్తకు కట్టించిన సమాధి అందులో ఒకటి. దాని గోడలో పొదిగిన కాల్చిన మట్టిపలక మీద ఒక గర్భిణి ప్రసవపీఠం మీద కూర్చుండి ఉన్నది. వెనుకనుంచి ఒకతె ఆమెను పట్టుకొన్నది. ముందు చిన్న పీఠం మీద మంత్రసాని కూర్చుండి బిడ్డకోసం చేతులు చాచినది. మరొక పలక మీద శస్త్రవైద్యుడు ఒకని కాలికి చికిత్స చేస్తున్నాడు. ప్రక్కన అతని పనిముట్లు మనుషులకంటె పెద్దవిగా కనిపిస్తున్నవి. శిలాలేఖలో ఆ దంపతుల వృత్తి ప్రసక్తే లేదు. చెప్పవలసినదంతా మట్టిపలకలే చెప్పినవి. ప్రసవం వంటి ఆంతరంగిక ఘట్టాన్ని సమాధి ముఖద్వారం దగ్గర పెట్టడానికి ఆమె సంకోచించలేదు. ఎందరి ప్రాణాలో నిలిపిన చేతులవి, అందులో దాచవలసినదేమున్నది?

సిసెరో అధములలో లెక్కించిన కసాయివాండ్రు కూడా ఈ వరుసలో ఉన్నారు. వీమినల్ కొండమీద మాంసం అమ్మిన లూసియస్ ఔరేలియస్ హెర్మియా, అతని భార్య ఫిలెమేతియం ఇద్దరూ ఒకే యజమానివద్ద దాస్యం చేసి విముక్తులైనవారు. క్రీస్తుపూర్వం 80 ప్రాంతపు వారి సమాధిఫలకం బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. డ్రెస్డెన్ నగరంలో ఉన్న మరొక ఫలకం మీద కసాయివాడు మొద్దుమీద మాంసం కొడుతుండగా, ఎదుట ఒక స్త్రీ ఎత్తైన కుర్చీలో కూర్చుండి పలకమీద లెక్కలు వ్రాస్తున్నది. కత్తికీ కలానికీ ఒకే రాతిలో సమానస్థానం లభించినది.

వీరందరూ దేవతల రూపాలు, వీరుల గాథలు విడిచి వృత్తినే ఎందుకు చెక్కించుకొన్నారు? సమాధానం రోమనులు తమ పేర్లు చెప్పుకొనే పద్ధతిలోనే ఉన్నది. పుట్టుకతో స్వతంత్రుడైనవాని శిలాలేఖలో పేరు తరువాత తండ్రి పేరు వస్తుంది. విముక్తుని లేఖలో సరిగా ఆ స్థానంలోనే యజమాని పేరు వస్తుంది. బానిసకు ధర్మశాస్త్రం దృష్టిలో తండ్రి లేడు. అతని పెండ్లి పెండ్లి కాదు. అతని బిడ్డలు యజమాని సొత్తు. విముక్తి పొందిన తరువాత కూడా అతనికి ఉన్నతపదవులు మూసిన తలుపులే. వంశం చెప్పుకోవడానికి లేదు, పదవి చెప్పుకోవడానికి లేదు. ఎవరూ ఇవ్వనిది, ఎవరూ తీసికొనలేనిది ఒక్కటే మిగిలినది. అది చేతిలోని నేర్పు. ఆ నేర్పే యజమానివద్ద అతని విలువను పెంచినది. ఆ నేర్పుతో కూడబెట్టిన సొమ్ముతోనే అనేకులు స్వేచ్ఛను కొనుక్కొన్నారు. కనుక చెప్పుల అచ్చు హెలియస్‌కు కేవలం జీవనోపాధి చిహ్నం కాదు. కులీనుని ఇంటిలో పూర్వుల ముఖప్రతిమలు ఏ పని చేసినవో, చెప్పులవాని సమాధిపై ఆ అచ్చు అదే పని చేసినది.

ఇంతవరకు వృత్తికారుల పక్షాన వాదించడం సులభం. కష్టమైన ప్రశ్న ఇక ఉన్నది. యూరిసాకెస్ శిల్పపంక్తిని మరొకమారు చూడవలె. బల్లల వద్ద వంగిన మనుషులు, జల్లెడ పట్టినవాడు, పొయ్యి ముందు నిలిచినవాడు, గంపలు మోసేవారు, వీరిలో ఒక్కనికీ పేరు లేదు. పొట్టి అంగీలు తొడిగిన ఈ పనివారిలో అనేకులు బానిసలే అయి ఉండవలె. తిరగలి త్రిప్పే గాడిదకు ఎంత పేరున్నదో పిండి పిసికేవానికీ అంతే ఉన్నది. పెద్ద అక్షరాలలో వెలుగుతున్నది గుత్తదారు పేరు మాత్రమే.

ఆ పనిశాలలు లోపల ఎట్లా ఉండేవో 2వ శతాబ్దపు రచయిత అపులీయస్ చూపినాడు. అతని కథానాయకుడు గాడిదగా మారి ఒక రొట్టెలవాని తిరగలికి కట్టబడతాడు. అక్కడ పనిచేసే మనుషుల వీపులు కొరడాదెబ్బలతో వాచి ఉన్నవి, నుదుట అక్షరాలు కాల్చిన వాతలు, తలలు సగం గొరిగినవి, కాళ్ళకు సంకెళ్ళు. అది కథయే అయినా, అటువంటి దృశ్యాన్ని ఎన్నడూ చూడనివాడు వ్రాయగల వర్ణన కాదు. యూరిసాకెస్ శిల్పంలో సంకెళ్ళు లేవు, కొరడా లేదు. అందరూ క్రమశిక్షణతో, శాంతంగా పనిచేస్తున్నారు. గుత్తదారు తన వృత్తిని గౌరవించినాడనడం నిజమే. ఆ వృత్తి ఇతరులనుంచి వసూలు చేసిన మూల్యాన్ని అతడు రాతికెక్కించలేదు. తమ మెడలనుంచి కాడి దిగిన విముక్తులు కూడా ధనవంతులైన పిమ్మట ఇతరులను కొనడానికి వెనుదీయలేదు. పొలాలలోనూ గనులలోనూ నశించిన లక్షలాది బానిసలకు పేరు నిలిపే రాయి దొరకడం అరుదు. ఈ సమాధులను శ్రామికవర్గ విజయస్తంభాలని పొగడేవారు ఈ విషయం మరువరాదు.

అయితే పేరు అనే భాగ్యం ధనికులైన విముక్తులతో ఆగిపోలేదు. హెలియస్, అతిమేతస్ ఇద్దరూ తాము విడిపించినవారికి తమ సమాధిలో చోటిచ్చినారు. లొంగిదియేనస్ ఫలకానికి ఖర్చు పెట్టుకొన్నది అతడు విడిపించిన ఇద్దరు మనుషులు. వారి ముఖాలు, పేర్లు కూడా ఆ రాతిమీద ఉన్నవి. అప్పియా మార్గంలో 1726లో బయటపడిన ఉమ్మడి సమాధిమందిరంలో అగస్టస్ చక్రవర్తి భార్య లివియా పరివారపు అస్థిపాత్రలు ఉండేవి. తల దువ్విన స్త్రీ, బట్టలు కుట్టిన స్త్రీ, వైద్యుడు, కంసాలి, ఇట్లా వృత్తినామాలతోనే అక్కడ అనేకులు గుర్తింపు పొందినారు. వారిలో బానిసలూ ఉన్నారు.

లానూవియం అనే ఊరిలో బీదవారు నడిపిన ఒక సంఘం నిబంధనలు క్రీస్తుశకం 136 నాటి శిలాలేఖలో దొరుకుతున్నవి. ప్రవేశానికి నూరు సెస్తర్సులు, ఒక జాడీ మంచి ద్రాక్షసారాయి. పిమ్మట నెలకు ఐదు రాగికాసులు. సభ్యుడు మరణిస్తే అంత్యక్రియలకు సంఘం మూడువందల సెస్తర్సులు ఇస్తుంది. ఒక నిబంధన ప్రత్యేకంగా గమనించదగినది. సభ్యుడైన బానిస చనిపోయినప్పుడు యజమాని అన్యాయంగా శవాన్ని ఇవ్వకపోతే, సంఘం అతని బొమ్మకు అంత్యక్రియలు జరిపిస్తుంది! శరీరంమీద యజమానికి ఎంత అధికారమున్నా, తోటివారు చేసే మర్యాదను అతడు ఆపలేడన్నమాట. రాతిసమాధికి తాహతు లేనివారు కూడా మనిషిగా గుర్తింపు పొందడానికి ఎంత తపించినారో ఈ ఒక్క నిబంధన చెబుతున్నది.

ఈ సంప్రదాయం ఇటలీతో ఆగలేదు. జర్మనీలో ట్రియర్ నగరం చెంత ఈగెల్ గ్రామంలో సెకుందినీ అనే బట్టలవర్తకుల కుటుంబం క్రీస్తుశకం 250 ప్రాంతాన నిలిపిన సమాధిస్తంభం సుమారు 23 మీటర్ల యెత్తున నేటికీ ఉన్నది. మధ్యయుగాలలో ఎన్నో రోమను కట్టడాలను రాళ్ళకోసం పడగొట్టినారు. ఇది మాత్రం బ్రతికినది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తల్లి హెలీనా వివాహాన్ని ఇందులో చెక్కినారని జనం పొరబడడమే అందుకు కారణమంటారు. బట్టలవర్తకుల జ్ఞాపకచిహ్నం రాజకుటుంబపు జ్ఞాపకచిహ్నమని భ్రమపడినందువల్ల మిగిలినది. వృత్తికి లోకం ఇచ్చిన గౌరవం ఎంతటిదో తెలుసుకోవడానికి ఇంతకంటె నిదర్శనం వెదకనక్కరలేదు.

ఇక తేలిన విషయం ఏమి? ఈ సమాధులు సిసెరో నీతికి ఎదురుజవాబు. చేతిపనిలో అగౌరవం లేదని, నేర్పు గలవానికి పేరు ఉండితీరాలని అవి చాటినవి. ఆ పేరును అందరికీ ఇవ్వలేకపోవడం వాటి లోపం. కాని ఆ లోపాన్ని బయటపెట్టే సాక్ష్యం కూడా వాటిలోనే ఉన్నది. దండయాత్రను వర్ణించే కవి సేనానిని పొగడి సైనికుని మరువవచ్చును; రొట్టె చేయడాన్ని చూపదలచిన శిల్పి రొట్టె చేసేవారిని చూపక తప్పదు. యూరిసాకెస్ తన పేరొక్కటే వ్రాయించుకొన్నా, ఆ పేరుకు ఆధారమైన చేతులను విధిలేక రాతికెక్కించినాడు. వృత్తి గౌరవనీయమని అతడు నిలిపిన సూత్రం యజమానితో ఆగేది కాదు. బల్ల దగ్గర వంగిన చివరి మనిషిదాకా అది పోవలసినదే.

రోమును చదివే విద్యార్థి సిసెరో గ్రంథాన్ని తప్పక చదవవలె. అయితే ఆ పుస్తకం ప్రక్కన పోర్తా మజోరె సమాధిచిత్రం ఒకటి ఉంచుకొని చదవవలె. అప్పుడు ఆ చిత్రంలో పెద్ద అక్షరాల పేరుతోబాటు, ఏ అక్షరమూ దక్కని చేతులను కూడా ఓపికతో లెక్కపెట్టవలె. రోమును పోషించినది ఆ చేతులే.